టోకెన్ లేని మనిషి

"గునపం తెస్తానక్కా, పగలగొట్టేద్దాం," అన్నాడు తమ్ముడు.

"తలుపు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను," అంది టోకెనమ్మ. "లోపల ఉన్నది దొంగ కాదు, మన నాన్న."

"ఆయన లెక్కలో దొంగలం మనమే."

ఆ మాట అబద్ధం కాదు. పొద్దున్నే టీ తీసుకెళ్లిన కోడల్ని చూసి "ఎవరు నువ్వు? నా ఇంట్లో నీకేం పని?" అని కప్పు లాక్కుని, వేడి టీ ఆమె చేతి మీదే కుమ్మరించి, గది తలుపు మూసి లోపలి నుంచి తాళం వేసుకున్నాడు పెద్దాయన. ఆ తాళం మామూలుది కాదు. ఊళ్లో సగం తలుపులకు తాళాలు బిగించిన మనిషి తన గదికి తానే ముచ్చటపడి చేసుకున్నది. దాన్ని బయటి నుంచి తీయగలవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ లోపల కూర్చుని, ఇంట్లో దొంగలు పడ్డారని కేకలు పెడుతున్నాడు.

"సందు చివర ఇంకొకతను ఉన్నాడు కదా, తాళాలు తీసేవాడు. పిలిపిద్దామా?" అంది మరదలు, కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుంటూ.

అక్కాతమ్ముళ్లిద్దరూ ఆమె వైపు ఒకేలా చూశారు. పొద్దుటి నుంచీ వాళ్లిద్దరికీ కుదిరింది ఆ ఒక్క విషయంలోనే. తాళాలాయన ఇంటికి వేరే తాళాలవాణ్ణి పిలిస్తే ఇక తలెత్తుకు తిరగడం ఎలా?

"ఊరికే అడిగాను," అంది మరదలు.

టోకెనమ్మ తలుపుకు చెవి ఆనించింది. లోపల ఏదో పెట్టె జరిపిన చప్పుడు. మంచాన్ని తలుపుకు అడ్డం పెడుతున్నాడేమో.

"నాన్నా, నేను. నీ దొరసానిని."

"ఏ దొరసాని? పోండి! పోలీసులను పిలుస్తా!"

ఆ పేరు పెట్టింది ఆయనే. పెద్దాసుపత్రి ఓపీలో అద్దం వెనక కూర్చుని టోకెన్లు ఇవ్వడం, మైకులో నంబర్లు పిలవడం ఆమె ఉద్యోగం. అందుకని బయటివాళ్లందరికీ ఆమె టోకెనమ్మ. ఆమె పిలిస్తే లైను కదులుతుంది, పిలవకపోతే ఆగుతుంది. తన కూతురికి అంత పలుకుబడి ఉందని తెలిసిన నాటి నుంచి ఆయన ఆమెను దొరసానీ అనే పిలిచాడు. "మా దొరసాని ఉండగా నేను లైన్లో కూర్చోవడమేమిటి?" అని తాళాల కొట్టుకు వచ్చిన ప్రతివాడి దగ్గరా గొప్పలు పోయేవాడు. వినేవాళ్లకు విసుగొచ్చినా ఆయనకు రాలేదు.

తమ్ముడు గునపం కోసం పెరట్లోకి వెళ్లనే వెళ్లాడు. ఆ అడుగుల చప్పుడు విని టోకెనమ్మకు ఏం తోచిందో, తలుపు బాదడం మానేసింది. వేలి కణుపుతో మెల్లగా, మొహమాటంగా తట్టింది.

"తాళాలాయన ఉన్నారాండీ?" అంది గొంతు మార్చి. "మా బీరువా తాళం పడిపోయిందండీ. పిల్లల బట్టలన్నీ లోపలే ఉన్నాయి. కాస్త వచ్చి తీసిపెడతారా?"

కేకలు ఆగాయి. గునపంతో తిరిగి వచ్చిన తమ్ముడు అక్కడే ఆగిపోయాడు.

"బీరువాదా?" అన్నాడు లోపలి నుంచి. ఆ గొంతులో ఇందాకటి భయం లేదు. "పిడి తిప్పేదా, చెవి తిప్పేదా?"

"పిడి తిప్పేదేనండీ."

"బలం పెట్టి తిప్పారా?"

"మావారు తిప్పారండీ."

"మగాళ్లంతా అంతేనమ్మా. ఉండు, సంచీ తెచ్చుకుంటా."

తాళం చెవి కన్నంలో పడే చప్పుడు కోసం ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. చెవి ఇనుము మీద గీరుకుంది, జారింది, మళ్లీ గీరుకుంది. కళ్లు మూసుకుని తాళాలు తీసిన చేతులవి. ఇప్పుడు సొంత తాళం కన్నం దొరక్క తడుముకుంటున్నాయి. టోకెనమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

చివరికి తలుపు తెరుచుకుంది. చొక్కా తిరగేసి తొడుక్కుని, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, పెదవి చివర కారుతున్న చొంగ కూడా తెలియకుండా నిలబడ్డాడు పెద్దాయన. కూతురి మొహంలోకి మర్యాదగా చూశాడు.

"పదమ్మా. మీ ఇల్లు ఎటు?" అన్నాడు.

గెలిచానని సంతోషించడానికి టోకెనమ్మకు అరక్షణం కూడా మిగల్లేదు. ఆయన ఆమెను నిజంగానే బేరం అనుకుంటున్నాడు.

*

పెద్దాయనను వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, బీరువావాళ్లు వస్తారు ఉండండి అని చెప్పి, ముగ్గురూ వంటింట్లో చేరారు.

"చూశావుగా," అన్నాడు తమ్ముడు. "ఇంకా ఏం చూడాలి? ఆ ఇంట్లో మంచం ఒకటి ఖాళీ అయింది. సాయంత్రంలోగా డాక్టరు కాగితం చూపించకపోతే ఇంకొకళ్లకు ఇచ్చేస్తారు. నా డ్యూటీ బస్సు వేరేవాడికి అప్పగించి సెలవు పెట్టుకున్నాను."

ఆ ఇల్లంటే, మతి తప్పిన పెద్దవాళ్లను ఉంచుకునే చోటు. తమ్ముడు కిందటి వారం వెళ్లి చూసి వచ్చాడు. మంచాలు శుభ్రంగా ఉన్నాయన్నాడు, అన్నం వేళకు పెడతారన్నాడు. గేటు సంగతి మాత్రం అడిగితేగానీ చెప్పలేదు.

"బయట తాళం వేసి ఉంచుతారటగా," అంది టోకెనమ్మ.

"వెయ్యకపోతే రోడ్డున పడరా?"

"నాన్నను తాళం వేసి పెడదామంటావు."

"నన్ను చూసి మాట్లాడకక్కా. దాని చెయ్యి చూసి మాట్లాడు."

తడిగుడ్డ కింద మరదలి చెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉంది. ఆమె దాన్ని కొంగు చాటుకు లాక్కుంది. తమ్ముడు చెడ్డవాడు కాదు. నాన్న రాత్రుళ్లు గోడలతో మాట్లాడుతుంటే పక్కన చాప వేసుకుని పడుకున్నదీ వాడే, ఆయన పక్క తడిపితే దుప్పట్లు ఉతికిందీ వాడే. తను రెండు వీధుల అవతల కాపురముంటూ, వచ్చినప్పుడల్లా ఒక మందు పొట్లం తెచ్చి అందరికీ ధైర్యం చెప్పి పోయేది.

"నీకేం పెద్ద పని?" తమ్ముడి గొంతు తగ్గింది. "నాన్నకు ఏ మందు కావాలన్నా ఇలా వెళ్లి అలా రాయించుకు రాలేదూ? ఇదీ అంతే. మతి పోయింది అని ఒక్క ముక్క. నీ మాట కాదంటారా ఎవరైనా?"

ఎప్పుడూ ఆ మాటకు పొంగిపోయేది. ఇవాళ ఎందుకో మింగుడు పడలేదు.

మరదలు అలమరలోంచి బిస్కట్ల డబ్బా దించింది. పెద్దాయన మందులన్నీ అందులోనే ఉంటాయి. మూత తీసింది గానీ చెయ్యి పెట్టలేదు.

"వెయ్యవేం? వేళ దాటిపోతోంది," అన్నాడు తమ్ముడు.

"వదినా," అంది మరదలు. "ఒక మాట చెబుతా. తిట్టకూడదు."

"చెప్పు."

"పోయిన నెల మందుల షాపాయన ఇంట్లో ఏదో జరిగి షాపు మూశాడు చూడు. మన డబ్బాలోవి అయిపోయాయి. మీ తమ్ముణ్ణి వేరే చోట తెమ్మంటే ఇవాళ రేపు అన్నాడు. ఆ వారమంతా మామయ్యకు మందుల్లేవు."

"ఏమిటీ?" అన్నాడు తమ్ముడు.

"మొదట్లో ఒళ్లంతా చెమటలు, నిద్ర లేదు, నేను హడలి చచ్చాను. తర్వాత తర్వాత మనిషి తేటపడ్డాడు వదినా. ఒకరోజు పొద్దున లేచి, ఈ అలమర గడియ వదులైందని తనే బిగించాడు. నా పేరు పెట్టి పిలిచాడు. దొరసాని రావడం లేదేం, అలిగిందా అని అడిగాడు."

వసారాలోంచి సంచీలో పనిముట్లు కదిలిస్తున్న గలగల వినిపిస్తోంది.

"అప్పుడే చెప్పలేదేం?" అంది టోకెనమ్మ.

"ఎలా చెప్పమంటావు? ఇవన్నీ తెచ్చింది నువ్వు. రాసింది పెద్ద పెద్ద డాక్టర్లు. నేను మానిపించానంటే మీ ఇద్దరూ ఏమనేవాళ్లు? ముసలాయన్ను వదిలించుకోవాలని చూస్తోంది అనేవాళ్లు కాదూ? షాపు తెరిచారు, మీ తమ్ముడు తెచ్చాడు, నేను వేశాను. మళ్లీ మొదలు."

అనేవాళ్లం కాదు అని గట్టిగా చెప్పడానికి అక్కకూ ధైర్యం చాల్లేదు, తమ్ముడికీ చాల్లేదు.

టోకెనమ్మ డబ్బాను తన వైపు లాక్కుంది. విడివిడిగా ఒక్కొక్కటే తెచ్చింది కాబట్టి ఎన్నడూ ఎక్కువనిపించలేదు. ఇప్పుడు అన్నీ ఒక్కచోట చూస్తే డబ్బా అంచుదాకా ఉన్నాయి.

మొదట దురద. ఒంటి మీద దురద అని ఆయన రాత్రంతా గీరుకుంటుంటే, చర్మం డాక్టరమ్మను ఆసుపత్రి మెట్ల మీద ఆపి అడిగింది. ఆమె చేతిలో సంచీ ఉండగానే, మోకాలి మీద చీటీ పెట్టుకుని రాసిచ్చింది. దురద తగ్గింది, హాయిగా నిద్రపోయాడు. ఇంకేం, కొనసాగించారు. కొన్నాళ్లకు ఒంటేలు సరిగా రావడం లేదన్నాడు. క్యాంటీన్లో టీ తాగుతున్న సర్జన్ను పట్టుకుంది. ఆ మాత్రతో లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మాయి. దానికి పెద్ద డాక్టరు లిఫ్టులో, రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య, తల తిరుగుడు మాత్ర చెప్పాడు. అది వేసిన తర్వాత చేతులు వణకడం మొదలైంది. నరాల డాక్టరు వణుక్కు రాశాడు. వణుకు కొంచెం తగ్గి, గోడల మీద పాములు కనిపించసాగాయి.

ఒక్కసారైనా ఆయన్ను వాళ్ల ముందు కూర్చోబెట్టిందా? గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఒక్కసారీ లేదు. మనిషి కొట్లో తాళాలు చేసుకుంటుంటే, మందులు ఆయన కోసం నడిచి వచ్చాయి. అంత పలుకుబడి ఆమెది.

"ఈ పూట ఆగు. వెయ్యకు," అంది డబ్బా చంకన పెట్టుకుని లేస్తూ. "నేను నాన్నను ఆసుపత్రికి తీసుకెళతాను."

"ఆయనెందుకు? కాగితం రాయడానికి మనిషెందుకక్కా?"

ఆమె తమ్ముణ్ణి కొరకొరా చూసింది. తను మాత్రం ఇన్నాళ్లూ చేసిందేమిటి?

"కాగితం తేకుండా రాకు," అన్నాడు తమ్ముడు. "బతిమాలుతున్నాను. నావల్ల కావడం లేదు."

*

బీరువా ఆసుపత్రిలో ఉందని చెబితే పెద్దాయన నమ్మేశాడు. సంచీ వదలకుండా ఆమె వెనకే వచ్చాడు. నడక కూడా మారిపోయింది. అరికాళ్లు ఎత్తకుండా ఈడుస్తూ నడుస్తున్నాడు.

ఆయన్ను ఓపీ హాల్లో బల్ల మీద కూర్చోబెట్టి ముందుగా చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"ఇంకా వేస్తున్నారా అది?" డాక్టరమ్మ కళ్లు పెద్దవి చేసింది. "నేను కొద్ది రోజులకేగా రాసింది. ఎవరు కొనసాగించమన్నారు?"

ఎవరూ అనలేదు. చీటీ లేకుండానే మందుల షాపాయన ఇచ్చేవాడు. టోకెనమ్మ మనిషిని చీటీ అడుగుతాడా?

"ఆపెయ్యమంటారా మేడమ్?"

"నాదయితే ఆపెయ్. మిగతావాటి సంగతి నాకు తెలీదు. నరాల ఆయన్ను అడుగు."

నరాల డాక్టరు ఆమె చెప్పిందంతా ఓపిగ్గానే విన్నాడు. డబ్బాలో మాత్రల అట్టలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తల తిరుగుడు మాత్ర దగ్గర ఆగాడు.

"దీనివల్ల వణుకు రావచ్చు," అన్నాడు మెల్లగా. "ఇది ఉందని నాకు చెప్పలేదే నువ్వు."

"మీరు అడగలేదు సార్."

అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన కోప్పడలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అయితే ఇది ఆపితే, వణుకు మాత్ర అక్కర్లేదా సార్? వణుకు మాత్ర లేకపోతే పాములు కనిపించవా?"

"అయ్యుండొచ్చు. కానీ ఇది రాసింది ఎవరు?"

"పెద్ద డాక్టరుగారు."

నరాల డాక్టరు డబ్బా మూత పెట్టి ఆమె చేతికిచ్చేశాడు.

"ఆయన మాత్ర నేను ఆపితే బాగోదమ్మా. నాకు ఆయన దగ్గర... ఆయన్నే అడుగు. నేను చెప్పానని అనకు."

పెద్ద డాక్టరు గది ముందు జనం కిటకిటలాడుతున్నారు. లోపలికి తొంగి చూసింది. రోజూ తొంగి చూసే గదే. అటెండరు ఆమెను చూడగానే తెర పక్కకు లాగి దారిచ్చాడు. ఒక్క అడుగు వేస్తే చాలు.

వెయ్యలేదు. మళ్లీ నిలబెట్టి అడిగితే మళ్లీ నిలబడే రాస్తాడు. ఈసారి కుర్చీ కావాలి. నాన్న ఆ కుర్చీలో కూర్చోవాలి, డాక్టరు ఎదురుగా కూర్చోవాలి, ఆ డబ్బా ఇద్దరి మధ్యా ఉండాలి. అందరికీ దొరికేది, తను ఒక్క నాన్నకే దొరక్కుండా చేసినది.

టోకెనమ్మ తన కౌంటరుకు తిరిగి వచ్చి, పక్క సీటామెను టోకెను అడిగింది.

"ఎవరికి?"

"మా నాన్నకు."

"నీకు టోకెనా?" పక్క సీటామె పగలబడి నవ్వింది. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేసింది. "ఇప్పటికే చాలా ఇచ్చేశాను. చివరికి పడుతుంది. మధ్యలో ఎక్కడో తోసెయ్యనా?"

"వద్దు. వరసలో ఎంత పడితే అంత ఇవ్వు. ఫైలు కూడా తెరువు."

"ఇన్నాళ్లూ ఫైలే లేదా ఆయనకు?"

టోకెనమ్మ తనే అట్ట అందుకుంది. ఫైలట్ట మీద నాన్న పేరు రాస్తుంటే కలం రెండుసార్లు ఆగింది.

తర్వాత తన సీట్లో కూర్చుని మైకు అందుకుంది. ఒక నంబరు పిలుస్తుంది, అద్దంలోంచి బల్ల వైపు చూస్తుంది. ఇంకో నంబరు పిలుస్తుంది, మళ్లీ చూస్తుంది. ఆయన సంచీ ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి ఈ హాల్లో వరస కోసం కూర్చున్న మనిషి, చుట్టూ ఉన్నవాళ్లను వింతగా చూస్తున్నాడు.

పక్కన కూర్చున్న ఒకావిడ తన పెట్టెకున్న చిన్న తాళంతో కుస్తీ పడుతోంది. పెద్దాయన చెయ్యి చాచాడు. ఆవిడ ఇచ్చింది. చెవి పట్టుకున్నాడు, వణికింది, కింద పడింది. వంగి తీసుకున్నాడు, మళ్లీ పడింది. ఆవిడ మొహమాటపడి, పోనీలెండి అంది కాబోలు. ఆయన తల అడ్డంగా ఊపి, చెవి ఆవిడకే ఇచ్చి, వేలితో ఏదో చూపిస్తూ చెప్పాడు. కిందికి అదిమి అప్పుడు తిప్పమని. ఆవిడ అదిమి తిప్పింది.

తాళం ఊడి వచ్చింది. ఆవిడ నవ్వింది, ఆయనా నవ్వాడు.

అద్దం ఇవతల టోకెనమ్మ తర్వాతి నంబరు పిలవడం మరిచిపోయింది. ఉన్నాడు. లోపలే ఉన్నాడు. తాళం పడి ఉన్నాడు, అంతే.

జనం "ఏమ్మా, నిద్రపోయావా?" అని కేకలేశారు.

పిలిచింది. మళ్లీ పిలిచింది. ఒకాయన లోపలికి వెళ్లి ఎంతకీ రాడు. ఒకావిడ పిల్లాణ్ణి వెంటేసుకుని, తనకూ పిల్లాడికీ ఒకే టోకెను మీద చూపించుకుంటానని గొడవ. గోడ గడియారం ముల్లు ఓపీ మూసే వేళకు దగ్గర పడుతోంది. నాన్న నంబరు ఇంకా కిందనే ఉంది.

ఒక్క నంబరు ముందుకు పిలిస్తే ఎవరికి తెలుస్తుంది? ఎన్నిసార్లు చేయలేదు? నోటి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అద్దం ముందు పొద్దుటి నుంచీ కూర్చున్న ఒక ముసలావిడ లేచి వచ్చి, "నాది వస్తుందామ్మా?" అని అడిగింది. ఆవిడ చేతిలోనూ ఒక డబ్బా ఉంది. దాని నిండా కూడా మందులే.

"వస్తుందండీ, కూర్చోండి," అంది టోకెనమ్మ. వరసలో తర్వాతిది ఆవిడ నంబరే, అదే పిలిచింది.

నాన్న నంబరు రాలేదు. పెద్ద డాక్టరు గది తలుపు తెరుచుకుంది. డాక్టరు తన సంచీ చంకన పెట్టుకుని బయటికి వచ్చేశాడు.

*

ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లి ఆయన్ను అందుకుంది వరండా మలుపులో. ఎప్పుడూ అందుకునే చోటే.

"సార్, మా నాన్న. టోకెన్ తీసుకున్నాం సార్. ఫైలు కూడా ఉంది."

"ఓపీ అయిపోయిందిగా."

"పక్కనే ఉన్నారు సార్, ఒక్కసారి కూర్చుని చూడండి. ఈ మందులన్నీ కలిపి మతి పోగొట్టాయేమో సార్. వారం మానేస్తే మామూలు మనిషి అయ్యాడు."

పెద్ద డాక్టరు డబ్బాలోకి చూసి ముఖం చిట్లించాడు. "ఇన్నెవరు రాశారు?"

"మీరందరూనే సార్."

"ఈ తల తిరుగుడుది?"

"మీరే సార్. లిఫ్టులో."

ఆయన డబ్బాలోంచి ఆ అట్ట తీసి తిప్పి చూశాడు.

"అయితే అవసరమయ్యే రాసుంటాను," అన్నాడు. తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. "చూడమ్మా, నువ్వన్నది కావచ్చు, వయసే కావచ్చు. తేల్చాలంటే ఒక్కొక్కటే మెల్లగా తగ్గించాలి, ఒకేసారి ఆపితే ఇంకో ప్రమాదం. వారాల తరబడి మనిషిని దగ్గరుండి గమనించాలి. ఇక్కడ ఒక్కొక్కరికి నాకు దొరికేది ఎంతసేపో రోజూ పిలిచేదానివి నీకు తెలీదా? వచ్చే నెల ఫైలు పట్టుకుని రా, పొద్దున్నే."

"వచ్చే నెల దాకా ఆగరు సార్. మా తమ్ముడు ఇవాళే ఆ ఇంట్లో చేర్చేస్తానంటున్నాడు. కాగితం కావాలని..."

"కాగితమా? అది ముందు చెప్పాలిగా!"

"కాదు సార్, నేను అడిగేది..."

ఆయన అప్పటికే జేబులోంచి కలం తీశాడు. గోడకు కాగితం ఆనించి నిలబడే రాసేశాడు. ఆసుపత్రి మనిషి అడిగితే కాదనడం ఆయనకు రాదు, మంచివాడు. మతి భ్రమించినదని ఒక కాగితం. గొడవ చేయకుండా సాయంత్రం పూట వేయమని ఇంకో చీటీ.

"ఇంకొకటా సార్?"

"చిన్న మాత్రేలే," అని ఆమె చేతిలో రెండూ పెట్టి, లిఫ్టు ఎక్కి వెళ్లిపోయాడు.

హాలు ఖాళీ అయిపోయింది. ఒక చివర నేల కడుగుతున్నారు. బల్ల మీద పెద్దాయన ఒక్కడే, కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. ఆమెను చూడగానే మొహం విప్పారింది. గుర్తుపట్టాడనుకుంది టోకెనమ్మ.

"అమ్మా, ఇందాకటి నుంచీ నంబర్లు పిలుస్తున్నది నువ్వే కదూ?" అన్నాడు.

"నేనేనండీ."

"మా అమ్మాయీ ఇక్కడే. దొరసాని అంటే ఎవరైనా చెబుతారు. నాన్న వచ్చి కూర్చున్నాడని ఆమె చెవిన ఒక్క మాట వెయ్యమ్మా. తెలిస్తే నన్ను ఇంతసేపు లైన్లో కూర్చోనివ్వదు."

చెబుతానండీ అనబోయింది.

వెనక నుంచి అడుగులు. గేటు దగ్గర ఆటో ఆపి తమ్ముడు వచ్చాడు.

"రాశారా అక్కా?"

ఆమె కాగితాలున్న పిడికిలి వెనక్కి పెట్టుకుంది. తమ్ముడు ఆ పిడికిలినే చూశాడు. పొద్దుటి చొక్కాలోనే ఉన్నాడు, తల కూడా దువ్వుకోలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ బాబెవరు?" పెద్దాయన సంచీ దగ్గరికి లాక్కున్నాడు. "తాళం పోయింది ఈయనదేనా?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. తర్వాత తండ్రి ముందు వంగి, పొద్దున్న తలుపు బయట విన్న గొంతునే తనూ తెచ్చుకున్నాడు.

"అవునండీ. మా గేటు తాళం. పెద్ద ఇనప గేటు. కాస్త వచ్చి తీసిపెడతారా?"

"గేటుదా? అదెంతసేపు," అంటూ పెద్దాయన లేచి నిలబడ్డాడు. తూలితే తమ్ముడు జబ్బ పట్టుకున్నాడు. ఇద్దరూ నాలుగడుగులు వేశారు. ఆయన ఆగి వెనక్కి తిరిగి, పని దొరికిన మనిషి హుషారుతో ఆమెకు ఒక మాట అప్పగించాడు.

"మా దొరసాని వచ్చి అడిగితే, నాన్న పని మీద వెళ్లాడని చెప్పమ్మా. చీకటి పడేలోగా వచ్చేస్తాడని చెప్పు."

తమ్ముడు ఒక చేత్తో తండ్రిని పట్టుకుని, రెండో చెయ్యి కాగితం కోసం అక్క వైపు చాచాడు.